చెప్పినట్టే వింటుంది... ఎవరు చెప్పినా!

సాయంత్రం అయిదయింది. జిల్లా కేంద్రంలో ఓ ప్రైవేటు జూనియర్ కాలేజీ. లెక్చరర్లంతా వెళ్లిపోయారు. ఆఫీసు గదిలో గుమస్తా ఒక్కడే కంప్యూటర్ ముందు కూర్చున్నాడు. క్వార్టర్లీ పరీక్షల మార్కులు ఎక్సెల్‌లో ఉన్నాయి. 300 మంది పిల్లలు. ఒక్కొక్కరి మార్కులూ తీసుకోవాలి. వర్డ్‌లో ఉన్న ప్రోగ్రెస్ రిపోర్టు నమూనాలో అతికించాలి. పీడీఎఫ్‌గా మార్చాలి. ఆ ఫైలుకు హాల్‌టికెట్ నంబరు పేరు పెట్టాలి. తల్లిదండ్రులకు మెయిల్ చెయ్యాలి. ఒక్కోదానికి రెండు నిమిషాలు వేసుకున్నా 600 నిమిషాలు... అంటే పది గంటలు! పేరెంట్స్ మీటింగేమో తెల్లారితే ఉంది.

ఈ పనంతా కంప్యూటరే తనంతట తాను చేసుకుంటే?

చేసుకుంటుంది. నలభై యాభై లైన్ల చిన్న స్క్రిప్టు రాసిపెడితే చాలు. ఎక్సెల్‌ను తెరుస్తుంది, మార్కులు చదువుతుంది, వర్డ్‌ను పిలిచి నమూనా నింపిస్తుంది, పీడీఎఫ్ చేయిస్తుంది, మెయిల్‌కు తగిలిస్తుంది. గుమస్తా టీ తాగి వచ్చేసరికి చాలావరకు పని పూర్తి! 'దానికి మెయిల్ మెర్జ్ ఉందిగా' అనొచ్చు. ఉంది. కానీ అది 300 రిపోర్టులనూ కలిపి ఒకే ఫైలుగా కడుతుంది. విడివిడిగా పీడీఎఫ్‌లు చేసి, దేని పేరు దానికి పెట్టాలంటే స్క్రిప్టు తోడు కావాల్సిందే.

బాగానే ఉంది. కానీ ఇందులో ఓ మెలిక ఉంది. స్క్రిప్టు చెప్పినట్టు ఎక్సెల్ వింటుంది, వర్డ్ వింటుంది, మెయిల్ వింటుంది. ఆ స్క్రిప్టు రాసింది గుమస్తానా, ఎక్కడో కూర్చున్న దొంగా అన్నది వాటికి పట్టదు. కాబట్టి స్క్రిప్టు రాయడం ఎంత ముఖ్యమో, ఎవరు చెబితే వినాలో ముందే కట్టడి చేసుకోవడమూ అంతే ముఖ్యం.

రెండు దారులు

కంప్యూటర్‌లోని ప్రోగ్రాములతో పని చేయించడానికి రెండు దారులున్నాయి. మొదటిది బయటి దారి. మనిషి మౌసు కదిపి, మీటలు నొక్కి చేసే పనినే స్క్రిప్టు అనుకరిస్తుంది. తెరమీద ఫలానా చోట క్లిక్ చెయ్యి, ఫలానా పెట్టెలో ఈ అంకె కొట్టు, ఎంటర్ నొక్కు... ఇదీ వరస. ఇందుకు పేరున్న పనిముట్లు 1999లో వచ్చిన ఆటోఇట్, 2003లో వచ్చిన ఆటోహాట్‌కీ. పైథాన్ భాష తెలిసినవాళ్లకు పైఆటోగుయ్ ఉంది. ఎంత పాత సాఫ్ట్‌వేర్ అయినా, లోపల ఏముందో తెలియకపోయినా ఈ దారిలో పని జరుగుతుంది. అదే దీని గొప్ప.

లోపం కూడా అదే. స్క్రిప్టుకు తెరమీద ఏముందో తెలియదు. మధ్యలో 'అప్‌డేట్ చేయమంటారా?' అని ఓ చిన్న విండో వచ్చిందనుకోండి... గుడ్డెద్దు చేలో పడ్డట్టు దానిమీదా క్లిక్ చేసుకుంటూ పోతుంది. పేరు రాయాల్సిన చోట మార్కులు, మార్కులు రాయాల్సిన చోట పేరు! పైఆటోగుయ్ తయారుచేసినవాళ్లు ఈ సంగతి గ్రహించే ఓ ఏర్పాటు పెట్టారు. స్క్రిప్టు అదుపు తప్పితే మౌసును పట్టుకుని తెర మూలకు నెట్టేయాలి. వెంటనే ఆగిపోతుంది. బడిపిల్లాడు 'టైం ప్లీజ్' అన్నట్టన్నమాట.

రెండోది లోపలి దారి. ఇక్కడ మౌసుతో పనిలేదు. ప్రోగ్రాము తయారుచేసినవాళ్లే వేరే ప్రోగ్రాములు వచ్చి ఆదేశాలిచ్చేందుకు ఓ పెరటి గుమ్మం పెడతారు. 'ఫలానా ఫైలు తెరువు, రెండో వరస అయిదో గడిలో ఏముందో చెప్పు, దీన్ని పీడీఎఫ్‌గా దాచు' అని స్క్రిప్టు నేరుగా అడుగుతుంది. విండో ఎక్కడున్నా, అసలు తెరమీద కనిపించకపోయినా సమాధానం వస్తుంది. అవకాశం ఉన్నచోటల్లా ఈ దారే మేలు.

ఆ గుమ్మం ఎప్పటిది?

ఈ ఆలోచన నిన్నా మొన్నటిది కాదు. అమీగా అనే కంప్యూటర్‌కు 1987లోనే ఏరెక్స్ అనే స్క్రిప్టు భాష వచ్చింది. ఐబీఎంలో పుట్టిన రెక్స్ భాషకు అది రూపాంతరం. అమీగా ప్రోగ్రాములు చాలావాటికి 'ఏరెక్స్ పోర్టు' ఉండేది. బొమ్మలు గీసే ప్రోగ్రామునీ, అక్షరాలు దిద్దే ప్రోగ్రామునీ ఒకే స్క్రిప్టుతో నడిపించేవారు. 1993లో ఆపిల్ సంస్థ ఆపిల్‌స్క్రిప్ట్ తెచ్చింది. దాదాపు మామూలు ఇంగ్లిషు వాక్యంలా ఉంటుంది దాని వరస. 'ఫలానా ప్రోగ్రాముకు చెప్పు... ఈ పని చెయ్యమను' అన్న ధోరణి. అచ్చుపనిలో మ్యాక్ కంప్యూటర్లు వాడేవాళ్లకు అది బాగా అక్కరకొచ్చింది.

అదే 1993లో మైక్రోసాఫ్ట్ ఎక్సెల్ 5లో వీబీఏ అనే భాషను చేర్చింది. వ్యూ మెనూలోనో, డెవలపర్ ట్యాబ్‌లోనో 'రికార్డ్ మ్యాక్రో' అని కనిపించేది దాని చలవే. ఆ మీట నొక్కి చేత్తో పని చేస్తే, చేసిన ప్రతి అడుగునూ ఎక్సెల్ స్క్రిప్టుగా రాసిపెట్టుకుంటుంది. మళ్లీ కావాలంటే అప్పజెప్పేస్తుంది. ప్రోగ్రామింగ్ రాని గుమస్తాకు ఇంతకన్నా మంచి గురువు దొరకడు. విండోస్‌లో వర్డ్, ఎక్సెల్, అవుట్‌లుక్ ఒకదాన్నొకటి పిలుచుకునే ఏర్పాటుకు 'కామ్' అని పేరు. పైథాన్ నుంచైనా, పవర్‌షెల్ నుంచైనా ఆ గుమ్మం తట్టొచ్చు. ఫొటోషాప్‌కీ, పత్రికల పేజీలు పెట్టే ఇన్‌డిజైన్‌కీ కూడా ఇలాంటి గుమ్మాలున్నాయి.

ముందు కాగితం... తర్వాతే కంప్యూటర్

ఇంతకీ గుమస్తా ఎక్కడ మొదలుపెట్టాలి? కీబోర్డు దగ్గర కాదు, కాగితం దగ్గర. చేత్తో చేసేటప్పుడు వరసగా ఏమేం చేస్తున్నాడో ఒక్కో అడుగూ రాసుకోవాలి. 'మార్కులు లేని పిల్లాడొస్తే ఏం చేస్తున్నాను? ఒకే పేరున్నవాళ్లు ఇద్దరుంటే?' అని అడుగడుగునా ప్రశ్నించుకోవాలి. మనిషి ఇవన్నీ ఆలోచించకుండానే సర్దుకుపోతాడు. స్క్రిప్టుకు సర్దుకుపోవడం రాదు. 'ఆబ్సెంట్' అని రాసిన గడిలోంచి అంకె లాగబోయి బోర్లా పడుతుంది. లేదంటే సున్నా వేసేస్తుంది. పిల్లాడు పరీక్షకు రాకపోవడం వేరు, వచ్చి సున్నా తెచ్చుకోవడం వేరు. ఆ తేడా తల్లిదండ్రులకు చాలా పెద్దది!

తెలుగు రాసేవాళ్లకు మరికొన్ని చిక్కులున్నాయి. వీబీఏ రాసుకునే విండోలో తెలుగు అక్షరాలు కొడితే ప్రశ్నార్థకాలు ప్రత్యక్షమవుతాయి. ఆ ఎడిటరుకు యూనికోడ్ తెలియదు. కాబట్టి 'ఉత్తీర్ణుడు', 'హాజరు కాలేదు' లాంటి మాటలన్నీ ఎక్సెల్ గడుల్లో రాసిపెట్టుకుని, స్క్రిప్టు వాటిని అక్కణ్నుంచి తీసుకునేలా చూసుకోవాలి. పేర్ల జాబితా సీఎస్వీ ఫైలుగా వస్తే మరో తంటా. యూటీఎఫ్-8 గుర్తు లేకుండా దాచిన ఫైలును నేరుగా ఎక్సెల్‌లో తెరిస్తే తెలుగు పేర్లన్నీ పిచ్చి గీతల్లా మారిపోతాయి. ఆటోహాట్‌కీ పాత వెర్షన్ల స్క్రిప్టులో తెలుగు ఉన్నా అంతే... ఆ ఫైలును యూటీఎఫ్-8 గుర్తుతోనే దాచాలి.

అంకెలతో ఇంకా జాగ్రత్త. ఎక్సెల్ ఒక అంకెలో 15 స్థానాలే గుర్తుపెట్టుకుంటుంది. 16 అంకెల బ్యాంకు ఖాతా నంబరును మామూలు అంకెగా కొడితే చివరి స్థానం సున్నా అయి కూర్చుంటుంది. ముందున్న సున్నాలూ ఎగిరిపోతాయి. స్కాలర్‌షిప్ జాబితాలో ఇలా జరిగితే ఆ డబ్బు ఎక్కడికెళ్తుందో ఊహించుకోవచ్చు. అందుకే ఖాతా నంబర్ల గడులన్నిటినీ ముందే 'టెక్స్ట్'గా మార్చుకోవాలి. తేదీలూ మోసం చేస్తాయి. సీఎస్వీ ఫైలును చేత్తో తెరిస్తే 05/06 జూన్ 5 అవుతుంది. మ్యాక్రోతో తెరిస్తే అమెరికా లెక్కలో మే 6 అయిపోవచ్చు! ఫైలు అదే, కంప్యూటర్ అదే... తెరిచిన చెయ్యే వేరు.

మనిషి పొరపాటు చేస్తే ఒకటి. స్క్రిప్టు పొరపాటు చేస్తే 300. అందుకే మొదట ముగ్గురి పేర్లతో నడిపి చూడాలి. ఆ మూడు రిపోర్టులనూ చేత్తో చేసినవాటి పక్కన పెట్టి సరిచూడాలి. అసలు ఫైలుమీద కాకుండా నకలుమీద పని చేయించాలి. మెయిళ్లను మొదట తన సొంత చిరునామాకే పంపించుకోవాలి. అన్నీ సరిపోయాకే మిగతా 297.

గొంతెత్తని గుమస్తా

స్క్రిప్టుకు ఉన్న పెద్ద లోపం... ఏదైనా తేడా వస్తే 'సార్, ఇదేదో తప్పుగా ఉంది' అని లేచి చెప్పకపోవడం. దీనికి ఇంగ్లండు చెల్లించిన మూల్యం చిన్నది కాదు. అది 2020, కరోనా కాలం. లేబొరేటరీల నుంచి వచ్చే పరీక్షా ఫలితాల ఫైళ్లను అక్కడి ప్రజారోగ్య విభాగం కంప్యూటర్లు ఎక్సెల్ ఫైళ్లలోకి వాటంతటవే ఎక్కించేవి. వాడిందేమో పాత ఎక్స్‌ఎల్‌ఎస్ పద్ధతి. అందులో ఒక షీటుకు 65,536 వరసలే పడతాయి. అంతకుమించి వచ్చిన పేర్లు ఎటూ కాకుండా జారిపోయాయి. గంట మోగలేదు, ఎర్రదీపం వెలగలేదు. సెప్టెంబరు 25 నుంచి అక్టోబరు 2 దాకా 15,841 మంది రోగుల లెక్క ఇలా తప్పిపోయింది. వాళ్లకు జబ్బు ఉందన్న సంగతి వాళ్లకు తెలుసు. వాళ్లతో కలిసి తిరిగినవాళ్లకు మాత్రం హెచ్చరిక అందడం ఆలస్యమైంది.

ఆ లోపం బయటపెట్టడానికి పెద్ద తెలివి అక్కర్లేదు. లోపలికి ఎన్ని వరసలు వచ్చాయి, బయటికి ఎన్ని వెళ్లాయి అని లెక్కపెట్టి పోల్చే రెండు లైన్లుంటే చాలు. కాలేజీ గుమస్తా స్క్రిప్టుకైనా అదే వర్తిస్తుంది. చివర్లో 'వచ్చినవి 300, చేసినవి 298, ఆగినవి 2, వాటి నంబర్లు ఇవీ' అని ఓ చిట్టా రాయించాలి. ఆ చిట్టా లేని స్క్రిప్టును నమ్మకూడదు.

ఎవరూ లేని గదిలో 'ఓకే'

ఒకసారి రుచి మరిగాక గుమస్తా ఊరుకుంటాడా? 'రోజూ రాత్రి ఎనిమిదింటికి హాజరు పట్టీలు వాటంతటవే తయారైతే...' అనిపిస్తుంది. విండోస్‌లో టాస్క్ షెడ్యూలర్ ఉంది. వేళ చెబితే ఆ వేళకు స్క్రిప్టును లేపుతుంది. ఇక్కడే కొత్తవాళ్లు బోల్తాపడతారు. యూజర్ లాగిన్ అయి ఉన్నా లేకపోయినా నడిపించమనే ఎంపిక ఒకటి ఉంటుంది. భలే ఉందే అని దాన్ని ఎంచుకుంటే... తెల్లారి చూస్తే పని జరగదు.

కారణం ఉంది. వర్డ్, ఎక్సెల్ ఎదురుగా మనిషి ఉంటాడన్న లెక్కతో కట్టిన ప్రోగ్రాములు. ఏదైనా సందేహమొస్తే ఓ విండో తెరిచి 'ఓకే' నొక్కమంటాయి. ఎవరూ లేని గదిలో ఆ 'ఓకే' నొక్కేదెవరు? పొద్దున దాకా అలాగే నిలబడి ఉంటాయి. ఇలా మనిషి లేనిచోట ఆఫీస్ ప్రోగ్రాములను నడిపించడాన్ని తాము సిఫార్సు చేయబోమని మైక్రోసాఫ్టే చెప్పింది. కాబట్టి లాగిన్ అయి ఉన్నప్పుడు మాత్రమే నడిచేలా పెట్టుకోవడం క్షేమం. కంప్యూటర్ నిద్రలోకి జారకుండానూ చూడాలి. స్క్రిప్టు చివర ఎక్సెల్‌ను మూసెయ్యమని చెప్పడం మరిచిపోకూడదు. లేదంటే కనిపించని ఎక్సెల్ ఒకటి వెనకాల అలాగే మిగిలిపోతుంది. నాలుగు రోజులకు నాలుగు... ఫైలు తెరవబోతే 'వేరేవాళ్లు వాడుతున్నారు' అంటుంది. ఆ వేరేవాళ్లు ఎవరో కాదు, నిన్నటి దయ్యమే!

మనిషి అవసరం లేకుండానే నడవాలంటే ఉచితంగా దొరికే లిబ్రేఆఫీస్ మెరుగు. దాన్ని 'హెడ్‌లెస్' పద్ధతిలో, అంటే తెరతో సంబంధం లేకుండా నడపొచ్చు. ఒక్క ఆదేశంతో ఫోల్డరు నిండా ఉన్న వర్డ్ ఫైళ్లన్నిటినీ పీడీఎఫ్‌లుగా మార్చి పెడుతుంది. అంతేకాదు, దాన్ని ఓ పోర్టు దగ్గర కాపలా కూర్చోబెట్టి, ఎప్పుడు స్క్రిప్టు వచ్చి తట్టినా పని చేసేలా ఏర్పాటు చేయొచ్చు. పోర్టంటే కంప్యూటర్‌కున్న నంబరు వేసిన గుమ్మం. లిబ్రేఆఫీస్‌కు ఉదాహరణల్లో తరచూ కనిపించే గుమ్మం నంబరు 2002.

గుమ్మం ఎటువైపు?

అసలు కథ ఇక్కడుంది. ఆ గుమ్మం తెరిచేటప్పుడు ఎవరి పిలుపు వినాలో కూడా ఒక మాట రాయాలి. 'లోకల్‌హోస్ట్' అని రాస్తే, లేదా 127.0.0.1 అని రాస్తే, అదే కంప్యూటర్‌లో ఉన్న స్క్రిప్టులు మాత్రమే తట్టగలవు. అది వంటింటికీ హాలుకీ మధ్య ఉండే తలుపులాంటిది. అదే చోట 0.0.0.0 అని రాస్తే నెట్‌వర్కులో ఉన్న ఏ కంప్యూటరైనా తట్టొచ్చు. అంటే వీధి తలుపు! తేడా నాలుగంకెలే. లిబ్రేఆఫీస్ ఆ గుమ్మం దగ్గర దానంతట అది పాస్‌వర్డు కూడా అడగదు. 'ఇంకో గదిలోంచి పనిచెయ్యడంలేదే' అని విసుగుపుట్టి 0.0.0.0 అని మార్చేసినవాళ్లు... తాళం వేశాను, గొళ్లెం మరిచాను అన్నట్టే.

పాటలు, వీడియోలు చూపించే వీఎల్‌సీకి కూడా ఇలాంటి గుమ్మం ఉంది. నంబరు 8080. దాన్ని తెరిస్తే హాల్లో ప్రొజెక్టరుకు కలిపిన కంప్యూటర్‌ను సీట్లో కూర్చునే ఫోన్‌తో నడిపించొచ్చు. అయితే అందులో ముందుగా పాస్‌వర్డు పెడితేగానీ లోపలికి రానివ్వదు. మంచి అలవాటు.

ఇక మొత్తం కంప్యూటర్‌నే దూరం నుంచి చూస్తూ నడిపే పద్ధతులు. వీటిలో వీఎన్‌సీది కేంబ్రిడ్జి పుట్టుక. అక్కడి ఒలివెట్టి పరిశోధనశాలలో తయారై 1998లో అందరికీ ఉచితంగా విడుదలైంది. అలాగే 1998లోనే మైక్రోసాఫ్ట్ విండోస్ ఎన్‌టీ టెర్మినల్ సర్వర్‌తో ఆర్‌డీపీని తెచ్చింది. ఇప్పటి 'రిమోట్ డెస్క్‌టాప్' అదే. రెండూ పనికొచ్చేవే. రెండిటికీ షరతులున్నాయి. పాతకాలపు వీఎన్‌సీలో పాస్‌వర్డు ఎంత పొడవు పెట్టినా మొదటి 8 అక్షరాలే లెక్కలోకి వస్తాయి. రిమోట్ డెస్క్‌టాప్ ద్వారా తన కంప్యూటర్‌ను నడపనిచ్చే సౌకర్యం విండోస్ హోమ్ రకంలో లేదు, ప్రో ఉండాలి. ఇంకో చిక్కు... దూరం నుంచి కలిసి, స్క్రిప్టు మొదలుపెట్టి, ఆ విండో మూసేస్తే అవతల తెర తాళం పడిపోతుంది. మౌసును అనుకరించే స్క్రిప్టుకు క్లిక్ చేయడానికి తెరే ఉండదు! లోపలి దారిలో వెళ్లే స్క్రిప్టుకు ఆ బాధ తక్కువ.

ఆదివారం ఇంటి దగ్గర్నుంచే పని మొదలుపెడదామని కొందరు కాలేజీ రూటరులో రిమోట్ డెస్క్‌టాప్ గుమ్మం, అంటే 3389ని, నేరుగా ఇంటర్నెట్‌కు తెరిచేస్తారు. ఇది ఎంతమాత్రం చేయకూడని పని. ఇంటర్నెట్‌లో ఆ నంబరు గుమ్మాలను వెతుక్కుంటూ తిరిగే ప్రోగ్రాములు రాత్రీపగలూ తిరుగుతూనే ఉంటాయి. వాటిని నడిపేవీ స్క్రిప్టులే మరి. 2019లో 'బ్లూకీప్' అనే లోపం బయటపడింది. పాస్‌వర్డు తెలియకపోయినా ఈ గుమ్మంలోంచి దూరే వీలుంది దాంతో. 2014లోనే తమ బాధ్యత తీరిపోయిందన్న విండోస్ ఎక్స్‌పీకి కూడా మైక్రోసాఫ్ట్ మరమ్మతు విడుదల చేసిందంటే ప్రమాదం ఎంతటిదో అర్థమవుతుంది.

దీనికి విరుగుడు పాతదే. 1995లో ఫిన్లండ్‌లోని హెల్సింకి సాంకేతిక విశ్వవిద్యాలయంలో నెట్‌వర్కులోంచి పాస్‌వర్డులు దొంగిలించిన సంఘటన జరిగింది. అక్కడే ఉన్న టాటు ఉలోనెన్ అనే పరిశోధకుడు దాంతో ఎస్‌ఎస్‌హెచ్ తయారుచేశాడు. రెండు కంప్యూటర్ల మధ్య ఇతరులు తొంగిచూడలేని గొట్టం వేస్తుంది అది. వీఎన్‌సీ, లిబ్రేఆఫీస్ గుమ్మాలను లోకల్‌హోస్ట్‌కే కట్టేసి, ఆ గొట్టంలోంచి మాత్రమే వాటి దగ్గరకు వెళ్లాలి. వీపీఎన్ అయినా ఫరవాలేదు. వీధివైపు ఒక్కటే గుమ్మం, దానికి గట్టి తాళం. లోపలి గదుల తలుపులు లోపలికే.

ఓ ప్రేమలేఖ చేసిన పని

గుమ్మం ఇంట్లోవాళ్లకోసమే అయినా, లోపలికొచ్చిన చుట్టం దొంగైతే? అదీ జరిగింది. 2000 మే 4. ప్రపంచమంతా చాలామందికి 'ఐ లవ్ యూ' అన్న పేరుతో ఒక మెయిల్ వచ్చింది. దానికో ప్రేమలేఖ తగిలించి ఉంది. చూస్తే మామూలు టెక్స్ట్ ఫైలు. నిజానికి ఆ పేరు చివర 'వీబీఎస్' అన్న మరో తోక ఉంది. అంటే స్క్రిప్టు! తోకలను దాచిపెట్టడం విండోస్ అలవాటు కాబట్టి ఎవరికీ అది కనిపించలేదు. నొక్కినవాళ్ల కంప్యూటర్‌లో ఆ స్క్రిప్టు ఏం చేసింది? పెరటి గుమ్మం దగ్గరకెళ్లి అవుట్‌లుక్‌ను పిలిచింది. 'చిరునామాల పుస్తకం తియ్యి, అందరికీ ఇదే మెయిల్ పంపు' అంది. అవుట్‌లుక్ చెప్పినట్టే చేసింది. పనిలోపనిగా బొమ్మల ఫైళ్లనూ నాశనం చేసింది. బ్రిటన్ పార్లమెంటు తన మెయిల్ వ్యవస్థను ఆపేసుకోవాల్సి వచ్చింది.

గమనించాల్సింది ఒకటుంది. 300 మంది తల్లిదండ్రులకు ప్రోగ్రెస్ రిపోర్టులు పంపడానికి గుమస్తా స్క్రిప్టు అవుట్‌లుక్‌ను ఎలా పిలుస్తుందో, ఆ ప్రేమలేఖా అచ్చం అలాగే పిలిచింది. ఆ ఒక్క లైనులో అక్షరం తేడా లేదు. అంతకు ఏడాది ముందు, 1999 మార్చిలో, 'మెలిస్సా' కూడా వర్డ్ మ్యాక్రోగా వచ్చి చిరునామాల పుస్తకంలో మొదటి 50 మందికి తనను తాను పంపుకుంది.

ప్రేమలేఖ ఫిలిప్పీన్స్‌లోని మనీలా నుంచి బయల్దేరిందని తేలింది. కానీ అప్పటికి అక్కడ ఆ నేరానికి చట్టమే లేదు. కేసు నిలబడలేదు. ఆ ఏడాది జూన్‌లోనే అక్కడ చట్టం చేశారు. భారతదేశంలో ఐటీ చట్టం కూడా అదే ఏడాది అక్టోబరు 17న అమల్లోకి వచ్చింది. మైక్రోసాఫ్ట్ కూడా జూన్‌లోనే అవుట్‌లుక్‌కు ఓ కాపలా పెట్టింది. బయటి స్క్రిప్టు చిరునామాల కోసం వస్తే యజమానిని అడిగేలా చేసింది. 2022లో ఇంకో అడుగు వేసింది. ఇంటర్నెట్ నుంచి వచ్చిన ఫైళ్లలోని మ్యాక్రోలను మొదటే ఆపేస్తోంది. ఆ వీబీస్క్రిప్ట్ భాషనే విండోస్ నుంచి క్రమంగా తప్పిస్తామని 2023లో ప్రకటించింది. కొత్త అవుట్‌లుక్‌లోనైతే ఆ పాత పెరటి గుమ్మమే లేదు. కాబట్టి ఇప్పుడు నేర్చుకునేవాళ్లు పవర్‌షెల్‌నో, పైథాన్‌నో పట్టుకోవడం మంచిది.

తాళంచెవి అడిగే గొంతు

ఎంత తాళం వేసినా, అడిగినవాడి చేతిలో చెవి పెడితే చేసేదేముంది? రిమోట్ యాప్‌ల పేరుతో జరిగే మోసం అదే. 'బ్యాంకు నుంచి మాట్లాడుతున్నాం, కేవైసీ గడువు అయిపోయింది' అంటారు. 'ఈ రాత్రికి కరెంటు కట్ చేస్తాం' అంటారు. ఓ యాప్ దించుకోమంటారు. అందులో కనిపించే నంబరు చెప్పమంటారు. చెప్పామా... తెర వాళ్లదే. ఓటీపీ వాళ్ల కళ్లముందే పడుతుంది. ఇలాంటి రిమోట్ యాప్‌ల మోసంపై రిజర్వు బ్యాంకు 2019 ఫిబ్రవరిలోనే బ్యాంకులను హెచ్చరించింది. యాప్ తప్పు కాదది. దూరాన ఉన్న కొడుకు అమ్మ ఫోను సరిచేసిపెట్టేదీ ఆ యాప్‌తోనే. పిలిచిందెవరన్నదే ప్రశ్న. నిజమైన బ్యాంకు ఎప్పుడూ ఆ నంబరు అడగదు. పొరపాటున చెప్పేస్తే వెంటనే ఇంటర్నెట్ ఆపేసి, బ్యాంకుకూ, సైబర్ నేరాల సహాయ నంబరు 1930కీ ఫోను చెయ్యాలి. ఎంత త్వరగా చేస్తే అంత మంచిది.

స్క్రిప్టు మొదలుపెట్టే ముందు...

* స్క్రిప్టు కోసం కంప్యూటర్‌లో వేరే యూజర్‌ను పెట్టాలి. అడ్మినిస్ట్రేటర్ అధికారం ఇవ్వకూడదు. మార్కుల ఫోల్డరు వరకే అనుమతి చాలు.

* పాస్‌వర్డులను స్క్రిప్టులో రాయకూడదు. ఆ ఫైలు పెన్‌డ్రైవ్‌లో ఎక్కడికైనా వెళ్లిపోవచ్చు.

* 'కంప్యూటర్‌లో ఏ గుమ్మాలు తెరిచి ఉన్నాయి?' అని నెలకోసారి చూసుకోవాలి. విండోస్‌లో నెట్‌స్టాట్ అనే ఆదేశం ఆ జాబితా ఇస్తుంది. 0.0.0.0 అని కనిపించిన ప్రతిదాని దగ్గరా ఆగి, ఇదెందుకు అని అడగాలి.

* ఫైళ్ల పేర్ల తోకలు కనిపించేలా విండోస్‌లో మార్చుకోవాలి.

* స్క్రిప్టు ఏం చేస్తుందో తెలుగులో ఓ కాగితం రాసి బీరువాలో పెట్టాలి. రాసినవాడు ఉద్యోగం మారితే ఆ కాగితమే దిక్కు.

గుమస్తా మూడు రిపోర్టులు సరిచూసుకున్నాడు. ఒకదాంట్లో 'ఆబ్సెంట్' బదులు సున్నా పడింది. సరిచేశాడు. మళ్లీ నడిపాడు. ఏడున్నరకల్లా చిట్టా వచ్చింది. వచ్చినవి 300, చేసినవి 299, ఆగినది ఒకటి... ఆ తండ్రి మెయిల్ చిరునామాలో చుక్క లేదు. దాన్ని చేత్తో పంపాడు. రిమోట్ డెస్క్‌టాప్ ఆపేశాడు. కంప్యూటర్ కట్టేశాడు. బయటికొచ్చి ఆఫీసు గదికి తాళం వేశాడు. పడిందో లేదో అని అలవాటు ప్రకారం ఓసారి లాగి చూసి మరీ ఇంటికి బయల్దేరాడు.